అడుగున చెయ్యి పెట్టి చూసే మనిషి

ఆరుబయలు కచేరీ ఉందని తెలిస్తే ఎవరైనా ఎవరు పాడుతున్నారని అడుగుతారు. ఆయన మాత్రం ఎవరు పిలిచారని అడిగేవాడు.

పోయిన వారం పెనుకొండలో, కొండ కింద అర్ధచంద్రాకారంగా రాతిమెట్లు కట్టిన రంగస్థలం దగ్గర కూర్చోబోతుంటే, నా చెయ్యి దానంతట అదే తిరగబడి వేళ్ల వెనకవైపుతో రాయిని తాకింది. కాలింది. అప్పుడు గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నాకు తెలియకుండానే ఈ అలవాటు నా చేతికి అంటించి పోయాడు.

"అరచెయ్యి అబద్ధం చెప్తాదబ్బా, పనులు చేసి చేసి మొద్దుబారి ఉంటాది. ఎనక చెయ్యి పెట్టి చూడు. ఎండాకాలం రాయిని పొద్దు గుంకినాక కూడా నమ్మొద్దు" అనేవాడు. అందరూ కాగితం ముక్క పరుచుకుని కూర్చుని, కాసేపటికి అటూ ఇటూ మెసులుతుంటే, ఆయన మడత పెట్టిన బొంత మీద కదలకుండా కూర్చుని వాళ్లను చూసేవాడు. ఆ చూపులో సంతోషం ఉండేదో లేదో చెప్పలేను. ఆయన ముఖం చూసి ఏదీ చెప్పలేకపోయేవాళ్లం.

మా ఇద్దరిదీ హిందూపురంలో ఒకటే వీధి. ఆయనది పట్టుగూళ్ల వ్యాపారం. మార్కెట్లో గూళ్లు కొని, పట్టు తీయించి, ధర్మవరంలో మగ్గాలవాళ్లకు అమ్మేవాడు. నాది వీధి చివర చిన్న ప్రెస్సు. పెళ్లి పత్రికలతో పాటు కచేరీల ఆహ్వానాలు కూడా నా దగ్గరే అచ్చవుతాయి. కాబట్టి చుట్టుపక్కల ఎక్కడ కచేరీ జరిగినా ఊరందరి కంటే ముందు ఆయనకే తెలిసేది. తడి ఆరని కార్డును వెలుతురుకు పట్టుకుని, కల్తీ సరుకేమోనన్నట్టు చూసేవాడు.

"సరిగ్గా ఆరు గంటలకని వేసినారే."

"అవునన్నా."

"సరిగ్గా అన్నారంటే ఏడున్నర. ఉత్త ఆరని వేసింటే ఏడు."

"ప్రవేశం ఉచితమన్నా."

"అయితే ముందర వరసలు మనవి కావు. సోఫాలు ఎవరికో చెప్పి పెట్టింటారు. వాళ్లు సగం పాటలో వస్తారు, వాళ్లకి శాలువాలు కప్పేదానికి పాట ఆపుతారు."

అన్నీ అలాగే జరిగేవి. అదే నాకు ఒళ్లు మండించేది. మనిషి అనుమానపడటం తప్పు కాదు కానీ, అనుమానపడ్డ ప్రతిసారీ నిజం కావడం మాత్రం పక్కవాళ్లు ఓర్చుకోగలిగే సంగతి కాదు.

కచేరీకి కారు నాది, హుకుం ఆయనది. కారును గేటు దగ్గర పెట్టనిచ్చేవాడు కాదు. దూరమైనా సరే, రోడ్డు పక్కన, మూతి బయటికి తిప్పి పెట్టించేవాడు. దిగగానే జనరేటరు ఎక్కడుందో చూసేవాడు. తర్వాత జేబులోంచి పట్టుదారప్పోగు ఒకటి తీసి, రెండు వేళ్లతో పైకి పట్టుకుని నిలబడేవాడు. పోగు ఎటు వాలితే పొగ అటు వస్తుందని లెక్క. ఇక సౌండు పెట్టెల ముందు కూర్చోవడమంటే ఆయన దృష్టిలో తలకాయ తీసుకెళ్లి రోట్లో పెట్టడం. నేరుగా వెళ్లి, మధ్యలో బల్ల వేసుకుని మీటలు తిప్పే మిక్సరు మనిషిని వెతికి, అతని వెనక కూర్చునేవాడు.

"వాడు వాని చెవికి బాగుండేటట్ల పెట్టుకుంటాడబ్బా. మన చెవి కోసం ఎవడు పెడతాడు? అందుకని వాని చెవి యాడుంటే మన చెవి ఆడుండల్ల."

తినడానికి బొరుగులే తీసుకురావాలి. చెక్కల్లాంటి నిప్పట్లు తేనిచ్చేవాడు కాదు, నమిలితే కటకటమంటాయట. "మనం నమిలేది మనకి వినపడదు, పక్కనోనికి వినపడతాది" అని నాకు ఒకసారి చెప్పాడు. పక్కవాడంటే అంత గౌరవమా అనుకున్నాను. కాదు. పక్కవాడు మనల్ని చూసి ఏమనుకుంటాడోనన్న అనుమానం. గొడుగు తెరిస్తే వెనకవాళ్లు తిడతారని ప్లాస్టిక్ పట్ట మడిచి బొంత కింద పెట్టుకునేవాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోతే మరీ అనుమానించేవాడు.

ఇన్ని జాగ్రత్తలు పడి వచ్చిన మనిషి పాట వినేవాడా అంటే, అదే మా వీధిలో ఎవరికీ అంతుపట్టలేదు. తల ఊపడు. చప్పట్లు కొట్టడు. తొడ మీద తాళం వెయ్యడు. కూనిరాగమన్నది ఆయన నోట్లోంచి రాగా నేనెప్పుడూ వినలేదు. మరి ఎందుకు ఒక్క కచేరీ వదలకుండా వస్తాడు? ధర్మవరం మగ్గాల యజమానులు ముందు వరసల్లో ఉంటారు గదా, బేరాల కోసమే వస్తాడని కొందరు అనేవారు. బేరమైతే వాళ్ల దగ్గరికి పోవాలి, ఈయన వాళ్లను చూస్తే ఇంకో మెట్టు పైకి జరిగేవాడు. నేను మొహం మీదే అడిగాను ఒకసారి. "కారు ఖాళీగా పోతాది గదబ్బా" అన్నాడు. నా కారు, నా పెట్రోలు.

ఆయన పక్కన ఎప్పుడూ వదిన ఉండేది. ఆయన భార్యను నేను వదినా అనే పిలుస్తాను. చిన్నప్పుడు మడకశిరలో పుట్టింట సంగీతం నేర్చుకున్న మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ ఏ పాటైనా గొంతులోకి తెచ్చుకోగలదు. వంటింట్లో పాడితే వీధిలో నడిచేవాళ్లు అడుగు నెమ్మది చేసేవారు. కచేరీలో ఆమె కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉంటే, ఆయన కళ్లు తెరుచుకుని చుట్టూ కాపలా కాస్తుండేవాడు. వాళ్లిద్దరినీ కలిపి చూస్తే తప్ప ఆయన రావడానికి కారణం అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైంది ధర్మవరంలో.

అక్కడ ఒక మైదానంలో తాత్కాలికంగా మెట్లు కట్టి కచేరీ పెట్టారు. మేం వెళ్లేసరికి ఇంకా వెలుగుంది. బొంత పరిచి వదినను కూర్చోబెట్టి ఆయన మాయమయ్యాడు. కాసేపటికి మైదానం మూల నుంచి గోల వినిపించింది. వెళ్లి చూస్తే, ఆడవాళ్ల మరుగుదొడ్ల ముందు, చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న నిర్వాహకుడొకడు ఈయన చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. చుట్టూ జనం మూగారు.

"ఏమప్పా, పెద్దమనిషి మాదిరి ఉండావు, ఆడోళ్ల కాడ నీకేం పని?"

"గడియ పడతాదో లేదో చూస్తాండా."

"గడియతో నీకేం పని?"

"పడకపోతే ఆడోళ్లు ఎట్ల పోతారు? నువ్వు చూసినావా? ఎవరన్నా చూసినారా?"

నిజం చెప్పినా నమ్మేటట్టు చెప్పడం ఆయనకు రాదు. ఎదురు ప్రశ్న వేస్తాడు, వేసేటప్పుడు కళ్లు చిన్నవి చేస్తాడు, దాంతో ఎదుటివాడి అనుమానం రెట్టింపవుతుంది. జీవితమంతా అందరినీ అనుమానించిన మనిషిని ఊరు ఊరంతా ఒక్కసారి అనుమానించిన సాయంత్రం అది. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఇంతలో వదిన జనాన్ని తోసుకుని వచ్చింది. ముఖం ఎర్రబడింది.

"వదలప్పా చెయ్యి. మా ఇంటాయన. నాకోసమే చూస్తాండాడు. యాడికి పోయినా ముందు అదే చూస్తాడు."

నిర్వాహకుడు చెయ్యి వదిలాడు. ఆయన చొక్కా చేతిని సర్దుకుని, ఏమీ జరగనట్టు ఆమెతో అన్నాడు. "రెండో దానికి గడియ పడతాది. లైటు లేదు. పొయ్యేటప్పుడు టార్చి తీసుకపో."

వదిన ఆ సాయంత్రమంతా ఆయనతో మాట్లాడలేదు. కానీ మధ్యలో లేచినప్పుడు, ఆయన వైపు చూడకుండానే చెయ్యి చాచి టార్చి తీసుకుంది. ఆడవాళ్లు కచేరీల్లో గొంతెండినా నీళ్లు తాగరు, ఎందుకు తాగరో మగవాళ్లెవరూ అడగరు. ఆమె సీసా ఖాళీ చేసేది. ఆయన కచేరీకి ఎందుకు వస్తాడో ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు.

మార్కెట్లో ఆయన్ని చూసినవాళ్లకు ఈ స్వభావం కొత్తగా అనిపించదు. ఒకసారి వాళ్ల బంధువుల పెళ్లి పత్రికలకు నాకు రావాల్సిన డబ్బులు ఇస్తానంటే మార్కెట్టుకే వెళ్లాను. అగళి నుంచి వచ్చిన రైతు గూళ్లు రాశి పోసుకుని నిలబడి ఉన్నాడు. పైన తెల్లగా, గట్టిగా, ఒకే తీరున ఉన్నాయి. ఈయన పైవాటిని చూడనైనా లేదు. మోచేతి దాకా చెయ్యి రాశిలో దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీశాడు. అందులో ఒక గూడు చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపలి పురుగు గలగలమంటే మంచిది, మూగగా ఉంటే లోపల పాడైనట్టు. నాకు కూడా గలగల వినిపించింది.

"తడి తగిలినట్లుండాదే" అన్నాడు రైతుతో.

"యాడ తడి సామీ? నిన్న దించినాం."

"ఏమో. రంగు కూడా దిగింది." గూళ్లను మెల్లగా రాశిలోకి జార్చి, ముఖం చిట్లించుకుని ముందుకు పోయాడు. పాపం రైతు ముఖం వాడిపోయింది. అరగంట తర్వాత తెలిసింది, వేలంలో ఆ రాశిని ఎవరికీ పోనివ్వకుండా కొన్నది ఈయనే.

"బాగలేదంటివే అన్నా?"

"బాగుందని ఎవరన్నా చెప్తారా అబ్బా? కావల్సిన సరుకుని పొగిడితే ధర లేస్తాది." అది ఆయన తండ్రి నేర్పిన పద్ధతి. ఆయన తండ్రికి ఆయన తాత నేర్పి ఉంటాడు. ఆ వ్యాపారుల ఇళ్లలో మంచిదాన్ని మంచిదనడం తెలివితక్కువ పని. ఎంత నచ్చితే అంత మూతి ముడవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట పెనుకొండ కచేరీకి వదినను పాడమని పిలిచారు. బెంగళూరు నుంచి పెద్ద గాయకుడు వస్తున్నాడు, ఆయనకు ముందు ఇక్కడి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒక్కొక్క పాట పాడాలి. కార్డు నేనే అచ్చువేశాను. అడుగున చిన్న అక్షరాల్లో వదిన పేరు. మొదటి కాపీ ఇంటికి తీసుకెళ్లాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని, పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. ఆయన కార్డు లాక్కున్నాడు.

"ఎందుకు పిలిచినారంట?"

"బాగా పాడుతుందని పిలిచినారన్నా."

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు."

"అందరూ అనేటోళ్లు యాడుంటారబ్బా, ఒకరి పేరు చెప్పు." కార్డును అటూ ఇటూ తిప్పాడు. "ఆ పెద్దాయన ఆలస్యంగా వస్తాడు. అంతవరకూ జనం లేసి పోకుండా కూచోబెట్టేదానికి మీ వదిన."

వదిన ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం మెత్తగానే అంది. "కానీండి. సందు పూడ్చేదానికైనా నేను పాడతా. ఒక్కటే అడుగుతాండా. ఆ పొద్దు ముందర కూచోండి. మీ మొగం కనపడితే నాకు ధైర్యం."

"చూస్తాం" అన్నాడు.

వ్యాపారి చూస్తామన్నాడంటే ఏమిటో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆశపడింది. పట్టుచీర కట్టుకుంది. దారంతా కారులో పెదాలు కదుపుతూనే ఉంది.

పాడేవాళ్ల ఇంటివాళ్ల కోసం ముందు వరసలో సోఫా ఉంచారు. ఆయన దాన్ని చేత్తో నొక్కి, కిందికి దిగబడుతోందని గొణిగి, అంచున కూర్చున్నాడు. నాకు మనసు కుదుటపడింది. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. పెద్దాయన ఇంకా రాలేదు, ఈయన అనుమానించినట్టే. వదిన పేరు పిలిచారు. ఆమె వేదిక మీదికి వచ్చి, మైకు పట్టుకుని, మొదట సోఫా వైపు చూసింది.

సోఫా ఖాళీగా ఉంది.

మొదటి లైనులో ఆమె గొంతు వణికింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి జనరేటరు చూడటానికి పోయాడా, గడియలు చూడటానికి పోయాడా? ఆ పొద్దైనా కుదురుగా కూర్చోలేడా? లేచి వెతుకుతూ పోయాను. పక్కమెట్ల మీద కనిపించాడు. మూడో వరసలో కూర్చుని, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. పిలవబోయేలోగా లేచి, కొన్ని మెట్లు పైకి పోయి, మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. మిక్సరు మనిషి దగ్గర ఆగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది మగగొంతుకి పెట్టినావప్పా. ఆడగొంతుకి పెట్టు. తబలా తగ్గించు."

"నువ్వెవరు సామీ?"

"తగ్గించు చెప్తా."

అతను తగ్గించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. వదిన కూడా దాన్ని గమనించినట్టుంది, వణుకు పోయి పాటలో కుదురుకుంది. ఈయన అందరి మోకాళ్లకు తగులుతూ పైపైకి ఎక్కి, గోడ పక్కన చిట్టచివరి మెట్టుకు చేరాడు. అక్కడ ఎవరూ కూర్చోరు. సాయంత్రపు ఎండంతా ఆ రాయి మీదే పడుతుంది. బొంత సోఫా దగ్గరే ఉంది. చేతి వెనకతో తాకి చూడకుండా, ఆయన ఆ రాయి మీద అలాగే కూలబడ్డాడు. నేనెరిగినంతలో ఆయన పరీక్షించకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే.

పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి. ఆయన కొట్టలేదు.

"ఎట్లుందన్నా?" అన్నాను, కోపంగానే.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదని తేల్చుకున్నాక, నా చెవి దగ్గరికి వంగాడు. "పైన ఎట్లుందో అడుగున కూడా అట్లే ఉందబ్బా." వెంటనే ముఖం చిట్లించుకుని, "మీ వదినకి చెప్పొద్దు" అని లేచి కిందికి దిగాడు.

ఆమె మెట్ల కింద ఎదురుచూస్తోంది. "ఎట్ల పాడితిని?" అంది.

"మూడో చరణంలో ఊపిరి అందలేదు."

ఆమె ఆ తర్వాత ఎవరు పిలిచినా వేదిక ఎక్కనంది. వంటింటి పాట కూడా వీధిలోకి రావడం మానేసింది. ఆయన ఆ సంగతి గమనించాడనే నా అనుమానం. ఎందుకంటే ప్రెస్సుకు వచ్చినప్పుడు కార్డుల అడుగున చిన్న అక్షరాలు వెతికేవాడు. ఆ మాట ఇంట్లో ఎప్పుడో చెప్పే ఉంటాడని నేననుకుంటూ వచ్చాను. భార్యాభర్తల మధ్య నేనెవర్ని? చెప్పకుండానే ఒక ఉదయం మార్కెట్లో, గూళ్ల రాశి పక్కన, గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు.

మళ్లీ పోయిన వారం. నిర్వాహకులు ఇంటికి వచ్చి బతిమాలితే వదిన ఒప్పుకుంది. "ఎందుకు పిలిచినారో" అని కారులో ఆమే అంది. ఆయన గొంతే వింటున్నట్టు ఉలిక్కిపడ్డాను. అదే మెట్లు, అదే కొండ. పొద్దు ఇంకా ఉంది. నేను చేతి వెనకతో రాయిని తాకడం ఆమె చూసింది. బొంత పరిచాను. ఇద్దరం కూర్చున్నాం.

"ఆ పొద్దు మీ అన్న యాడుండె?" అంది ఉన్నట్టుండి.

"ఏ పొద్దు వదినా?"

"నీకు తెలుసు. నిజం చెప్పు. నా పాట వినలేక లేసిపోయినాడు గదా? నలుగుర్లో తలొంచుకోవల్సి వస్తాదని. ఇన్ని దినాలూ అదే అనుకుంటాండా. అడిగితే అవునంటాడేమోనని ఆ మనిషిని అడగలేదు."

చెప్పొద్దన్నవాడు పోయాడు. చెప్పాను. మూడో వరస నుంచి మొదలుపెట్టి, మిక్సరు మనిషి భుజం, కాలే రాయి, చెవిలో అన్న మాట, అన్నీ చెప్పాను. ఆమె నా కళ్లలోకే చూస్తూ వింది, అబద్ధం ఎక్కడైనా కలుస్తుందేమోనని. వ్యాపారి ఇంట్లో అన్నేళ్లు కాపురం చేసిన మనిషి. చివరికి తల తిప్పుకుని, పై మెట్టు వైపు చూసింది.

"ఆ మాట నాకు చెప్తే ఏం పోయేది?"

"ధర లేస్తాదని భయం వదినా. మార్కెట్ బుద్ధి."

ఆమె కొంగుతో ముఖమంతా ఒకసారి తుడుచుకుంది.

"పెంచేదాన్నే" అంది.

వేదిక మీద ఆమె పేరు పిలిచారు. బ్యాడ్జీ పెట్టుకున్నతను వచ్చి, "మీరు ఈడ కూచోండి సార్" అని నాకు సోఫా చూపించాడు. నేను మెట్లెక్కి గోడ పక్కకు పోయాను. రాయి ఇంకా వేడిగానే ఉంది. వదిన మైకు పట్టుకుని, సోఫాల వైపు చూడకుండా, తలెత్తి నేరుగా చివరి మెట్టు కేసి చూసి పాట అందుకుంది.

మూడో చరణంలో ఊపిరి సరిపోయింది.